లైన్లో ఉండమ్మా

"ఏడో సీటేనా అమ్మా?"

సరిగ్గా మూడు గంటలకి మళ్ళీ అదే ముసలి గొంతు.

"అవునండీ, చెప్పండి," అంది ఆమె. పొద్దుటి నుంచి అది అరవయ్యో ఫోనో, డెబ్భయ్యో ఫోనో. లెక్కపెట్టే ఓపిక కూడా లేదు.

"మా వాషింగ్ మెషీన్ తిరగడం లేదమ్మా."

"మోడల్ నంబర్ చెప్పండి."

"వెనకవైపు ఉంటుంది కదూ? చూసొస్తాను. లైన్లో ఉండమ్మా."

అంతే, మనిషి మాయం. పది నిమిషాల దాకా ఉలుకూ పలుకూ ఉండదు. తర్వాత తీరిగ్గా వచ్చి, "కళ్ళజోడు కనబడలేదమ్మా, రేపు చేస్తాలే" అని పెట్టేస్తాడు. నెల రోజులుగా ఇదే తంతు. మెషీను వెనక్కి వెళ్ళిరావడానికి ఈయనకి బస్సేమైనా ఎక్కాలో ఏమిటో!

ఆ కంపెనీలో ఫిర్యాదులు వినడానికి పన్నెండు సీట్లున్నాయి. అక్కడ ఎవర్నైనా సీటు నంబరుతోనే పిలుస్తారు. ఫోను చేసేవాళ్ళు ఆ నంబరు నొక్కితే నేరుగా ఆ సీటుకే వస్తుంది. ఒక ఫోను అయిన నాలుగు సెకన్లకి ఇంకోటి దానంతటదే చెవిలో మోగుతుంది. అవతలివాళ్ళు లైన్లో ఉన్నంతసేపు మాత్రం వేరే ఫోను రాదు. వాళ్ళు పెట్టకుండా మనం పెట్టెయ్యకూడదు.

"మోడల్ నంబర్ తాతయ్యేనా?" పక్క సీటామె నవ్వింది.

"ఇంకెవరు! నా ప్రాణానికి దొరికాడు."

విసుక్కుంటూనే సీసా తీసి నీళ్ళు తాగింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఏం చేస్తుంది మరి, ఆయన వచ్చేదాకా?

ఆ ఫోన్లు మొదలవడానికి కొద్ది రోజుల ముందు, పాలు ఒలకబోసిందని ఐదేళ్ళ కూతుర్ని చెంపమీద కొట్టింది. ఐదు వేళ్ళూ తేలాయి. పాప ఏడవలేదు, బిక్కచచ్చిపోయి చూసింది. ఆ చూపు తట్టుకోలేక మర్నాడే డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"రోజంతా ఊరందరి తిట్లూ తింటున్నారు. అవన్నీ ఎక్కడికి పోతాయి?" అన్నాడు డాక్టరు. "మధ్యలో ఓ పది నిమిషాలు నోరు విప్పకుండా కూర్చోండి. నీళ్ళు తాగండి. నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. రోజూ అలవాటు చేసుకోండి."

"పది నిమిషాలా! మా దగ్గర తుమ్మడానికి కూడా టైముండదండీ."

ఆ సలహా అక్కడే వదిలేసి వచ్చింది. ఎందుకో గానీ ఆ నెల ఇంట్లో అరుపులు తగ్గాయి. పాప మళ్ళీ వచ్చి ఒళ్ళో కూర్చోవడం మొదలుపెట్టింది.

నెలాఖరున సూపర్‌వైజర్ పిలిచింది.

"మూడు నిమిషాల్లో తేల్చాల్సిన కాల్ నీకు రోజూ ఒకటి పది దాటుతోంది. అంతా ఆ ముసలాయన పుణ్యమే. ఆ నంబరు ఆపించెయ్యనా?"

"ఆపించెయ్యండి మేడం. పీడా విరగడవుతుంది."

ఆపించేశారు.

మర్నాడు మూడింటికి తాతయ్య ఫోను రాలేదు. హమ్మయ్య అనుకుంది. ఆ పది నిమిషాల్లో ముగ్గురు తిట్టారు.

వారం తిరిగేసరికి ఇంట్లో మళ్ళీ అరుపులు మొదలయ్యాయి. పదో రోజు ఎవడో "నీకు బుర్రుందా?" అన్నాడు. "నీకుందా?" అని అరిచేసింది. ఆఫీసంతా తిరిగి చూసింది. ఇంకోసారి నోరు జారితే ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజర్ కాగితం చేతికిచ్చింది.

ఇంటికెళ్ళేసరికి పాప నానమ్మ వెనక్కి నక్కింది. "అమ్మ ఇవాళ కొడుతుందా?" అని గుసగుసగా అడిగింది. ఆమెకి వినబడింది.

మళ్ళీ డాక్టరు.

"మధ్యలో అసలు తగ్గనే లేదా?"

"ఓ నెల బాగానే ఉన్నానండీ."

"ఆ నెల ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. ఓ ముసలాయన రోజూ మూడింటికి ఫోన్ చేసి లైన్లో ఉండమని పోయేవాడు. ఆయన వచ్చేదాకా నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని..."

దిగ్గున లేచి నిలబడింది.

మర్నాడు కాళ్ళావేళ్ళా పడి సూపర్‌వైజర్ దగ్గర ఆ నంబరు సంపాదించింది. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

"వాషింగ్ మెషీన్ కంపెనీ నుంచండీ. తాతయ్యగారున్నారా?"

"ఆయన పోయి ఐదు రోజులైందమ్మా."



"మీ మెషీను... బాగయిందాండీ?" అంది, ఏదో ఒకటి అనాలని.

"మెషీనా? మా ఇంట్లో అది ఎప్పుడూ లేదే. బట్టలు నేనే ఉతుకుతాను." ఆవిడకి అంతలో గుర్తొచ్చింది. "నువ్వు ఏడో సీటమ్మాయివా?"

"అవునండీ."

"లైను కలవడం లేదని రోజూ మూడింటికి గింజుకునేవారమ్మా. ఆ పిల్ల గొంతు ఎండిపోయింది, ఇవాళ నీళ్ళు తాగిందో లేదో అని ఒకటే గొడవ. అంతకుముందైతే ఫోన్ చేసి పక్కన పెట్టుకుని, పది నిమిషాలూ గడియారం వంక చూస్తూ కూర్చునేవారు."

ఆమెకి ఏడుపు ఆగలేదు. "నేనెవర్నండీ ఆయనకి? నాకోసం ఎందుకిదంతా?"

"ఇరవై రెండేళ్ళు మీ ఆఫీసులోనే ఫోన్లెత్తి, ఆ తిట్లన్నీ ఇంటికి మోసుకొచ్చి, కన్నపిల్లలిద్దర్నీ దూరం చేసుకున్న మనిషమ్మా ఆయన."