ముందు చెప్పేది ఎర

“రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు నాన్నా. మళ్ళీ వేయమంటే వేయరు,” అంటూ కూతురు ఫోనును భోజనాల బల్లమీద నిలబెట్టింది.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఎడమచేత పెన్సిలు పట్టుకున్నారు. కుడిచేయి ఒడిలో ఊరికే ఉంది.

ఫోనులోనుంచి ఒక పురుషుని కంఠం ఇంగ్లీషులో పలికింది. గంభీరమైన కంఠం. ప్రతి మాటా ఇస్త్రీ చేసిన చొక్కాలా నలగకుండా ఉంది. ఏదో భవనంలో లిఫ్టు మరమ్మతు గురించిన ప్రకటన అది. మరమ్మతు ఏ రోజున? అదీ ప్రశ్న.

“మంగళవారం,” అన్నారాయన.

“కాదు నాన్నా. మంగళవారం అనుకున్నారు, మనిషి దొరకలేదు, గురువారానికి మార్చారు. ముందు చెప్పేది ఎర. తరవాత సవరించిందే జవాబు.”

“ఇదేం వంకరబుద్ధి! చెప్పేదేదో మొదటే సరిగా చెప్పి ఏడవచ్చుగా! ఈ ప్రశ్న కూర్చినవాడెవడోగాని, పసివాడికి బెల్లం చూపించి లాక్కునే రకం.”

కూతురు నవ్వు ఆపుకుంది. వంటగదిలో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

సోమవారం పరీక్ష. ఆయన పనిచేసే సంస్థవారు మర్యాదగానే కబురు చేశారు. ఇంగ్లీషు విని, చదివి, గ్రహించగలరని నిరూపించుకుంటే ఆయన కుర్చీ ఆయనదే. లేనిపక్షంలో అందులో వేరొకరిని కూర్చోబెట్టవలసి వస్తుంది. జీతం మాట అటుంచితే, ఆ కుర్చీ కూడా పోయాక పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కోవడం ఎందుకో ఆయనకు బోధపడటం లేదు.

చదివే భాగం మరీ అన్యాయంగా ఉంది. తేనెటీగల గురించి ఒక పేజీ. మాటలన్నీ ఎక్కడో చూసిన ముఖాల్లాగే ఉన్నాయి. ఒక్కదాని పేరూ జ్ఞాపకం రావడం లేదు.

“అమ్మాయీ, ఇదేమిటి?”

“తేనెటీగ నాన్నా.”

“మరి ఇది?”

“అదీ తేనెటీగే.”

“ఇందాకటిదానికి తోక లేదే!”

“ఇక్కడ చాలా ఉన్నాయి నాన్నా. అందుకే చివర ‘ఎస్’ తోక.”

ఆయన పెన్సిలు కింద పెట్టేశారు.

శనివారం ఉదయం ఫోను తీసుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ కంఠంతో ఒంటరిగా తేల్చుకోదలచినట్లున్నారు. లోపలినుంచి ఇంగ్లీషు ధారగా వినిపించింది, మధ్యమధ్య ఆయన “ఊఁ”, “ఊఁ”, ఒకచోట “ఆఁ?” చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

“నీళ్ళ గురించి ఏదో అంటున్నాడు.”

“రైలు గురించి నాన్నా.”

“రైలైతేనేం, అతని నోట నీళ్ళలాగే పోతోంది.”

“ఉచ్చారణలో ఆయనంత శుద్ధంగా పలికేవాళ్ళు లేరని పేరు నాన్నా.”

“శుద్ధంగా ఉంటే చాలా? ఎదుటివాడికి ఎక్కవద్దూ?”

“ఆ మాట ఆయన విద్యార్థులూ అనేవాళ్ళట,” అంది కూతురు.

భార్య టీ కప్పు తెచ్చి ఆయన ఎడమచేతివైపు పెట్టింది.

“కాస్త నిదానంగా వినండి. మిమ్మల్ని తరుముతున్నదెవరు?”

“ఇంకెవరే, ఈ మహానుభావుడే! ఊపిరైనా పీల్చుకోడు. ఇతనికి పెళ్ళాంబిడ్డలుంటే, పాపం, అన్నం తినేటప్పుడు కూడా వాళ్ళ తప్పులు దిద్దేవాడేమో!”

“దిద్దేవాడేమోలెండి,” అంది భార్య. “వాళ్ళకూ అలవాటైపోయి ఉంటుంది.”

ఆదివారం మధ్యాహ్నం కూతురు మళ్ళీ లిఫ్టు ప్రకటన వేసింది. అది పూర్తికాకముందే ఆయన బల్లమీద చరిచి, “గురువారం!” అన్నారు.

కూతురు చప్పట్లు కొట్టింది. భార్య తడిచేతులు చీరకు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

“చూశావటే? మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు!”

“ఇంకొకటి వేస్తాను నాన్నా.”

కొత్త ప్రకటన. అదే కంఠం. ఒక గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలను ఏ అంతస్తులోకి మార్చారన్నది ప్రశ్న. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నుదుట చెమట పట్టింది. కంఠం ఆగిపోయిన తరవాత కళ్ళు తెరిచి, ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూశారు.

“గురువారం,” అన్నారు, ఈసారి మెల్లగా.

వాళ్ళ ముఖాలు మాత్రం ఆయనకు బాగానే అర్థమయ్యాయి.

“రేపు కూడా ఇతనేనా మాట్లాడేది?”

“అవునండీ. అన్ని పరీక్షల్లోనూ ఆ గొంతే.”

“అయితే ఒక పని చెయ్యి. ఇతని ఇల్లెక్కడో కనుక్కో. నేను వెళ్ళి కాళ్ళావేళ్ళా పడతాను. కాస్త నెమ్మదిగా చదవవయ్యా బాబూ, నా కుర్చీ నీ నోట్లో ఉంది అంటాను. ఎంత కఠినుడైనా, గుమ్మంలోకి వచ్చినవాణ్ణి గెంటేస్తాడటే?”

కూతురు ముఖం కిటికీవైపు తిప్పుకుంది. భార్య ఆయన పక్కన కూర్చుని, ఒడిలో ఉన్న కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమురుతూ ఉండిపోయింది.

తలలో నరం చిట్లిన ఆ ఉదయం వరకు, సంస్థ పరీక్షలన్నిటికీ ప్రశ్నలు కూర్చి, ఆ కుర్చీలోనే కూర్చుని వాటిని తన కంఠంతో చదివి పెట్టింది ఆయనే.