కొంగ కనబడేదాకా

మా ఆయన నైదెన్‌కి ఆగడమంటే చేతకాదు. మార్చి ఒకటిన మణికట్టుకి కట్టిన ఎరుపు తెలుపు దారాన్ని, వసంతానికి వలసొచ్చే కొంగ కనబడ్డాకే విప్పాలని మా బల్గేరియాలో పసిపిల్లలకీ తెలుసు. ఈయన ఏటా మంచు కరగకముందే విప్పేసి, "చూశానే!" అనేవాడు.

"కాకిని చూసుంటావు, కక్కుర్తి మొహమా!" అనేదాన్ని.

ఈ ఏడు దారం విప్పలేదు. పొయ్యిలోంచి తీస్తుండగానే బానిత్సా రొట్టె చించుకుని నోరు కాల్చుకునే మనిషి, ముక్క చేతిలో పెట్టేదాకా కదలకుండా కూర్చుంటున్నాడు.

"అరవై దాటాక బుద్ధొచ్చిందమ్మా మా తిండిపోతుకి!" అని పక్కింటికి వినబడేలా నవ్వాను.

ఏప్రిల్‌లో ఒక పొద్దున్న పెరట్లో నిలబడి, తలెత్తి అడిగాడు.

"ఈసారి కొంగలు ఇంకా రాలేదేమే, స్తోయ్‌కా?"

సరిగ్గా ఆయన చూస్తున్న చోటే, మా పొగగొట్టం మీద, కొంగ నిలబడి ఉంది.

"ఇంకా రాలేదు," అన్నాను.