ముట్టుకోకూడని టమాటాలు

పెరట్లో టమాటా ఆకులు పసుపు మచ్చలు పడి ముడుచుకుపోయాయి. నర్సరీ ఆయన చూసి, "పొగాకు నుంచి వచ్చే తెగులండీ. సిగరెట్టు తాగిన చేత్తో ముట్టుకుంటే అంటుకుంటుంది" అన్నాడు.

మా ఆవిడ నావైపు తిరిగింది. "మానేశానని ఒట్టేశారు!"

"మానేశానే బాబూ! ఉన్న పెట్టెలన్నీ పారెయ్యమని నీ చేతికే ఇచ్చాగా?"

నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు. జబ్బు మొక్కలన్నీ నా చేతే పీకించి, మట్టి మార్పించి, కొత్త నారు తనే నాటింది. నన్ను ఆ ఛాయలకే రానివ్వలేదు. పొద్దున్నా సాయంత్రం పెరటి తలుపు మూసుకుని మరీ తనొక్కతే చూసుకునేది.

పూత రాకముందే మళ్ళీ మచ్చలు.

నేను వెళ్ళి కుళాయి దగ్గర కొత్త సబ్బు పెట్టాను.

"ఎవరికండీ?"

"నీకే. ఆ పెట్టెల్లో ఇంకా ఏమైనా మిగిలాయా?"