తొమ్మిది–తొమ్మిది దగ్గర

"ఈ మూడింట్లో ఏది మంచిది బాబూ?"

సేల్స్‌మన్ ముందు గోడ గడియారం చూశాడు, తర్వాత ఆవిడను చూశాడు.

పన్నెండున్నర. ఒంటిగంటకు షాపు మూస్తారు, మళ్ళీ రెండింటికి తెరుస్తారు.

అరవై దాటిన మనిషి. కళ్ళజోడు, భుజాన గుడ్డసంచి. టేబుల్ మీద కళ్ళకు తొడుక్కునే వీఆర్ హెడ్‌సెట్లు మూడు వరసగా ఉన్నాయి. ఆవిడ కూరగాయలు ఏరినట్టు ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది.

"మనవడికా అమ్మా?"

"నాకే. ఆడుకోవడానికి."

నవ్వు ఆపుకోవడానికి అతను దగ్గాడు. రూలు ప్రకారం ట్రయల్ ఫారం చేతికిచ్చాడు.

"పేరు, ఫోన్ నంబరు రాయండి. ఎందుకు కొంటున్నారో చివరి గడిలో రాయండి."

"పేరూ నంబరూ కొన్నాక రాస్తాలే. ఊరికే ఫోన్లు చేసి ప్రాణం తీస్తారు మీరు."

ఆవిడ చివరి గడి ఒక్కటే తీరిగ్గా నింపింది. అతను చూడకుండానే దాన్ని సొరుగులో పడేశాడు.

మొదటిది తొడిగాడు.

"బొమ్మ అద్దంలా స్పష్టంగా ఉంటుంది. కాకపోతే కంప్యూటర్‌కి తగిలించాలి. వెనకాల వైరుంటుంది."

"కాళ్ళకు చుట్టుకుంటేనో?"

"చూసుకుని నడవాలమ్మా."

"ఇది కళ్ళకు పెట్టుకున్నాక ఇంకేం చూసుకుంటాను నాయనా?"

రెండోది తొడిగాడు.

"ఇది తేలిక. ధరా తక్కువే. అంచుల్లో కాస్త మసగ్గా ఉంటుంది."

"నాకు మామూలుగానే మసక. దాన్ని మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కోవాలా?"

మూడోది తొడిగాడు.

"వైరు లేదు. కళ్ళజోడు తియ్యక్కర్లేదు. ఛార్జింగ్ రెండు గంటలొస్తుంది. కొంచెం బరువు."

ఆవిడ రెండుసార్లు మెడ విదిల్చింది. కుడిచెయ్యి గాలిలోకి ఎత్తి ఒక్క క్షణం అలాగే ఉంచింది.

"మెడ లాగుతోందా అమ్మా?"

"లేదు లేదు. ఇది బాగుంది."

ఒంటిగంటకు ఐదు నిమిషాలుంది. అతని ప్రాణమంతా వెనక గదిలో ఉంది.

వెనక గదిలో ఒక పాత డెమో హెడ్‌సెట్ ఉంది. ఎనిమిది నెలలుగా రోజూ ఒంటిగంటకు క్యారేజీ పక్కనపెట్టి అతను అందులో టేబుల్ టెన్నిస్ ఆడుతున్నాడు. ఎక్కడెక్కడివాళ్ళో నెట్‌లో కలిసి ఆడే ఆ ఆటలో మనుషుల మొహాలుండవు, అందరూ పక్షులే. గొంతులు కూడా మారిపోయి చిలక పలుకుల్లా వినిపిస్తాయి. అతను గుడ్లగూబ. ఎదురుగా ఓ కొంగ.

కొంగ ఆడో మగో, ఏ ఊరో అతనికి తెలియదు. అడిగితే "కొంగని కొంగలా చూడు" అనేది. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చాక "తిన్నావా?" అని అడిగింది మాత్రం అదొక్కటే. మొదటిరోజు అతను వరసగా ఇరవై బంతులు వదిలేస్తే "ఒరే నిద్రమొహం!" అంది. ఆ పేరే ఖాయమైపోయింది.

పన్నెండు రోజుల క్రితం, స్కోరు తొమ్మిది–తొమ్మిది దగ్గర, ఎత్తిన బ్యాటు ఎత్తినట్టే కొంగ మాయమైంది. మళ్ళీ రాలేదు. తను ఏమన్నాడో, దానికేం కోపమొచ్చిందో అని ఆ రోజు మాటలన్నీ నెమరేసుకుంటూనే ఉన్నాడు. నిద్రమొహం అని పిలిచేవాళ్ళు లేక అతనికి రోజు గడవడం లేదు. ఇవాళైనా వస్తుందేమో!

"ఒక్కటే అనుమానం బాబూ." ఆవిడ హెడ్‌సెట్ తీసింది. "నా పాతది వేరే కంపెనీది. పాడైపోయింది, బాగుచేసేవాళ్ళు దొరకలేదు. ఇప్పుడు దీనికి మారితే, పాతదాంట్లో పరిచయమైనవాళ్ళు ఇందులో దొరుకుతారా?"

దొరుకుతారు. పాత ఐడీతో లోపలికి వెళ్తే చాలు. కానీ ఆ మాట చెబితే ఎలాగో చూపించమంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోయానంటుంది. అరగంట దానికే సరిపోతుంది.

గడియారం ఒంటిగంట చూపించింది.

"దొరకరమ్మా. ఏ కంపెనీ లోకం దానిదే."

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా."

ఆవిడ హెడ్‌సెట్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా టేబుల్ మీద పెట్టింది.

"అయితే నాకెందుకులే ఇది," అంది.

సంచి సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"నీ భోజనం వేళ దాటించేశాను. పోయి తిను నాయనా."

అతను తలుపు మూసి వెనక గదిలోకి పరుగెత్తాడు.

సగంలో ఆగిన ఆట అలాగే ఉంది. బోర్డు మీద తొమ్మిది–తొమ్మిది. సర్వీసు కొంగది. ఉండి ఉంటే ఈపాటికి రెండుసార్లు మెడ విదిల్చి, రెక్క పైకెత్తి, అతన్ని ఊరించేది. ఆ కదలిక ఎక్కడో ఇప్పుడే చూసినట్టనిపించింది. బెంగ పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

గంటసేపు బల్లకు ఈవల ఒక్కడే నిలబడ్డాడు. అవతల ఎవరూ రాలేదు.

రెండింటికి ఓనరు వచ్చాడు.

"పొద్దుట్నుంచీ ట్రయల్స్ ఎన్నయ్యాయి?"

"ఒకటే సార్. ఓ పెద్దావిడ. కాలక్షేపానికొచ్చినట్టుంది."

"ఫారం ఏది? ఫోన్ చేసి అడుగుదాం, మళ్ళీ వస్తారేమో."

అతను సొరుగు లాగి ఫారం తీశాడు.

పేరు గడి ఖాళీ. ఫోన్ నంబరు గడి ఖాళీ.

ఎందుకు కొంటున్నారు అన్న గడిలో మాత్రం గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "ఒంటిగంటకు నా నిద్రమొహం తిండి మానేసి ఎదురుచూస్తుంటాడు."