హనుమాయమ్మ సమ్మె

"ఆ 'గూండాలు' అన్న మాట కొట్టేస్తేనే పొయ్యి వెలుగుతుంది," అని హనుమాయమ్మ వంటింటి గడపలో అడ్డంగా కూచుంది.

ఆవిడ మొగుడు జగన్నాథరావు గుండెల్లో రాయి పడింది. తిరువూరులో పార్టీ సమావేశమంటే భోజనాలు ఆయనింట్లోనే. అప్పటికే గంపలగూడెం కామ్రేడ్లు దిగిపోయారు, వసారా ముందు చెప్పులు పట్టడం లేదు.

అది 1970 డిసెంబరు. పోలెండులో కమ్యూనిస్టు ప్రభుత్వం క్రిస్మస్ పండగ ముందు తిండి ధరలు పెంచింది. ఓడలు కట్టే కార్మికులు రోడ్డెక్కారు. సైన్యం కాల్చింది. చచ్చినవాళ్ళు గూండాలనీ, కాల్పులు న్యాయమేననీ జగన్నాథరావు తీర్మానం రాశాడు. రాసినవాడు ఊరుకోక పొద్దున్నే దాన్ని పైకి చదువుకున్నాడు. అదీ ఆయన చేసిన పొరపాటు.

"అసలు పోలెండెక్కడుందో తెలుసా నీకు?"

"తెలీదు. బియ్యం ధర పెంచితే ఎట్టా ఉంటదో తెలుసు."

"అది కార్మికుల ప్రభుత్వమే! దానిమీద కార్మికులే తిరగబడితే ఏమంటారు?"

"ఆకలేసిందంటారు."

వసారాలో ఎవరో కిసుక్కున నవ్వారు. జగన్నాథరావుకి ఒళ్ళు మండింది.

"నలుగుర్లో నా పరువు తీస్తావా? లేస్తావా, ఇవాళే పుట్టింటి బస్సెక్కించమంటావా?"

"ఎక్కించండి. ఆ మాట రాసిన చేతికి మాత్రం నేను అన్నం పెట్టను."

ఆవిడకి భయం లేదని కాదు, బోలెడుంది. అయినా అంగుళం కదల్లేదు.

పోలెండు ప్రభుత్వానికి టాంకులుంటే జగన్నాథరావుకి వాళ్ళమ్మ ఉంది. మాణిక్యమ్మ ఎదురైతే జిల్లా నాయకులే లేచి నిలబడతారు, ఇక కోడలెంత? వెంటనే ఆవిడుండే వినగడపకి మనిషిని పంపాడు.

మధ్యాహ్నం బస్సుకి ఆవిడ దిగింది. ఆకలి మీదున్న కామ్రేడ్ల మొహాలు కళకళలాడాయి.

"ఏంట్రా గోల?"

కొడుకు జరిగిందంతా చెప్పి, తీర్మానం చదివి వినిపించాడు.

"చచ్చినోళ్ళని ఏవన్నావూ? మళ్ళీ చదువు."

చదివాడు. మాణిక్యమ్మ తిన్నగా వంటింటి వైపు నడిచింది. హనుమాయమ్మ ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది.

"కాస్త జరుగమ్మాయ్," అని ఆవిడ కూడా ఆ గడపలోనే చతికిలబడి, కొడుకు మొహంలోకి చూసింది.

"మీ నాన్నని కాల్చిన రోజున పోలీసులు రాసుకున్నదీ ఈ మాటేరా!"