ఇద్దరికీ ఒకటే

మిట్టమధ్యాహ్నం కుమాసీ ఊరంతా ఎండకి ఉడికిపోతుంటే, ఆ ముసలాయన మాత్రం వణుకుతూ ఆఫీసులోకి వచ్చాడు.

"ఆ ఏసీ కాస్త కట్టెయ్యి తల్లీ."

సెర్వా తలెత్తకుండానే కట్టేసింది. గడప తొక్కినవాడికి ముందు మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే వచ్చిన పని అడగడం అక్కడి మర్యాద. ఆమెకి నీళ్ల మాటే గుర్తు రాలేదు. తన గొప్ప తనే చూసుకుని మురిసిపోతోంది మరి.

గొప్పే, కాదనలేం. కదల్లేని రోగుల ఇళ్లకి మోటారు సైకిళ్ల మీద మందులు పంపే ప్రోగ్రాం ఆమెది. మెమరీ చాలక కంప్యూటరు మాటిమాటికీ మొరాయించేది. ఒకే వివరాన్ని వేలమంది పేర వేలసార్లు దాచడం దేనికని, ఒకేలా ఉన్నవాటిని ఒక్కచోటే ఉంచి, అందరూ దాన్నే చూసుకునేలా మార్చింది. అప్పట్నుంచీ కంప్యూటరు పరుగులు పెడుతోంది.

"ఏం కావాలి తాతా?"

"మా ఇంటికి షుగరు ఇంజక్షన్లు రావడం లేదు."

"పేరు?"

"అటా డోంకో. బంతామా పేట."

సెర్వా వెతికింది. "అటా డోంకో చనిపోయాడని ఉందే!"

"నిజమే. చనిపోయాడు."

"మరి మందు ఎవరికి?"

"అటాకి."

పక్క బల్ల దగ్గర ఒపోంగ్ కిసుక్కున నవ్వాడు. "పొద్దున్నే ఎన్ని గ్లాసులు బిగించావు తాతా?"

ముసలాయన నవ్వలేదు.

"ఇంట్లో ఆఖరి సీసా అయిపోవచ్చింది. నువ్వు ఇద్దర్నీ కలిపేశావమ్మా. ఒక్కసారి విడదీసి చూడు."

"ఆస్పత్రిలో అడుగు తాతా. మాకు బోలెడు పనుంది."

మర్నాడు మళ్లీ వచ్చాడు. అదే చొక్కా, అదే మాట.

సెర్వాకి చిరాకేసింది. వాచ్‌మన్‌ని పిలిచింది. ముసలాయన రెక్క పట్టుకున్న వాచ్‌మన్, ఎందుకో చటుక్కున వదిలేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ముసలాయన తనంతట తనే నడిచాడు. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"వాడొక్కడైనా ఉండాలి తల్లీ."

ఆ మాట సెర్వాని కుదురుగా కూర్చోనివ్వలేదు. మార్పులు చేయకముందు దాచిన పాత కాపీ తెరిచి, అటా డోంకో పేరు వెతికింది.

అందులో ఇద్దరున్నారు.

ఒకే తల్లి, ఒకే పుట్టినరోజు, ఒకే ఇల్లు, ఒకే జబ్బు. కవలలు. అక్కడ మగ కవలలు ఇద్దరినీ అటా అనే పిలుస్తారు. పెద్ద, చిన్న అని పక్కన రాయడం నర్సు మరిచిపోయింది. కంప్యూటరుకి తేడా కనబడలేదు. బతికున్నారా లేదా అన్నది కూడా ఇద్దరికీ కలిపి ఒక్కచోటే పెట్టేసింది సెర్వా. ఒకరి చావు రాయగానే ఇద్దరూ చచ్చారు.

"మారే వివరాల్ని ఒక్కచోట కలపకూడదని నువ్వే కదా అందరికీ పాఠాలు చెప్తావు!" ఒపోంగ్ తల పట్టుకున్నాడు.

"తర్వాత తిడుదువుగాని. బండి తియ్యి ముందు."

మందుల పెట్టె పట్టుకుని బంతామా చేరారు. అక్కడ చావింట కట్టే నలుపూ ఎరుపూ బట్టల్లో ఉన్న ఒకావిడ తలుపు తీసింది. లోపల మంచం మీద అదే మొహం, అదే గడ్డం. ఊపిరి భారంగా తీస్తున్నాడు.

ఆవిడ గబగబా ఇంజక్షన్ పొడిచింది. ఆ కంగారులోనూ ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. సెర్వా సిగ్గుపడుతూ గ్లాసు అందుకుంది.

చాలాసేపటికి ముసలాయన కళ్లు తెరిచాడు.

"క్షమించు తాతా," అంది సెర్వా ఏడుస్తూ. "రెండుసార్లు వచ్చావు. గెంటించేశాను."

"నేనా? ఎక్కడికి?"

"మా ఆఫీసుకి."

ఆయన దుప్పటి పక్కకి లాగాడు. మోకాళ్ల కింద కాళ్లు లేవు.

"ఈస్టరు నుంచీ ఈ గది దాటలేదమ్మా."

ఒపోంగ్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"మరి అచ్చం నీలాగే ఉన్నాడు... వాడొక్కడైనా ఉండాలన్నాడు..."

ముసలాయన పెదవులు అదిరాయి. కళ్ల నిండా నీళ్లు.

"నా మందు కోసం ఎప్పుడూ తనే తిరిగేవాడు. ఎండనేవాడు కాదు, వాననేవాడు కాదు."

"ఎవరు తాతా?"

"మా పెద్ద అటా," అన్నాడాయన, "శనివారం పాతిపెడతాం, అందాకా ఆస్పత్రి శవాల గదిలోనే ఉన్నాడనుకున్నాం."