బ్యాటరీకి బొట్టు

రామక్క ఇంటి ముందు వ్యాను ఆ రోజు కూడా కదలలేదు.

తాళం తిప్పితే టక్కుమంటుంది. అంతే. ముందు దీపాలు ఒక్క క్షణం మినుకుమని గుడ్డివైపోతాయి.

ఎదురింటి అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తున్న హనుమక్క ఆ చప్పుడుకు తలెత్తింది. డ్రైవరు సీట్లో రామక్క కూర్చుని ఉంది, తలనిండా కనకాంబరాలతో. బానెట్ కింద తల దూర్చి లక్ష్మన్న.

"ఇంగోసారి తిప్పు."

"తిప్పితి కదా! టక్కంటాది, ఊరకుంటాది," అని రామక్క నవ్వింది.

ఆ నవ్వుకు హనుమక్క చేతిలోని చెనక్కాయను గింజతో సహా చిదిమేసింది.

వ్యాను కొత్తదేమీ కాదు. అనంతపురంలో ఎవరో వాడి వాడి అమ్మేసింది. అయినా రాప్తాడులో ఆ వీధికి అదే మొదటి వ్యాను. బోరింగు దగ్గర బిందెడు నీళ్ల కోసం జుట్లు పట్టుకునే ఎండాకాలంలో రామక్క దాన్ని రోజూ కడుగుతోంది. నిమ్మకాయలు కడుతోంది. దిష్టి తీస్తోంది. చూడలేక హనుమక్క ముఖం తిప్పుకుంటుంది. తిప్పుకున్న ముఖం మళ్లీ అటే పోతుంది.

పక్కింటి పెద్దక్క బిందె చంకన పెట్టుకుని ఆగింది.

"ఏమమ్మీ హనుమక్కా, దానికి నీ కన్నే తగిలిందంటాండారే బోరింగు కాడ!"

"నా కంటికి అంత బలముంటే నా బతుకు ఇట్లుంటాదా?"

"కూడన్నా తింటివా?"

"అది ఆడ నిలబడి ఉన్నంతకాలం నాకు కూడు దిగదు పెద్దక్కా."

పెద్దక్క నిట్టూర్చి, వీధి అవతలికి గొంతెత్తింది. "ఏమప్పా లక్ష్మన్నా, నలుగురితో తోపించుకొని పోరాదా?"

"తోస్తే కదుల్తాదిలే పెద్దక్కా. తాడిపత్రిలో బండలెత్తేటప్పుడు ఇంజను ఆపల్ల. ఆడ మళ్లీ తోసేకి నువ్వొస్తావా?"

లక్ష్మన్న ఒక్కసారి ఇటు చూసి, మళ్లీ బానెట్ కిందికి వంగాడు. బ్యాటరీ మీది రెండు టెర్మినళ్లకున్న క్లిప్పులు విప్పాడు. గరుకు కాగితంతో రుద్దాడు. రెండూ వెండిలా మెరిశాయి. క్లిప్పులు మళ్లీ తగిలించబోయాడు.

"ఆగాగు. బొట్టు పెట్టకుండానే బిగిస్తావా?" అంది రామక్క.

పసుపు ముద్ద తెచ్చి రెండు టెర్మినళ్లకూ మందంగా మెత్తింది. పైన కుంకుమ అద్దింది. లక్ష్మన్న కళ్లు మూసుకుని దండం పెట్టి, ఆ పసుపు మీదే క్లిప్పులు బిగించాడు.

తాళం తిప్పితే టక్కుమంది.

"సామి ఇంకా కరగలేదు," అన్నాడు లక్ష్మన్న.

"కానీలే, రేపు చూద్దువు. లోపలికి రా, కూడు చల్లారతాంది."

ఆ రాత్రి హనుమక్కకు నిద్ర పట్టలేదు. ఆమె కూడా శనివారం తప్పకుండా ఆంజనేయస్వామికి దీపం పెట్టే మనిషే. పసుపును తప్పు పట్టదు. కానీ మెరిసేదాకా రుద్దినదాన్ని మళ్లీ మెత్తి కప్పేయడమెందుకు? సామికి బొట్టు కావాల్సిందే. అక్కడే కావాలా?

మరునాడు టెర్మినళ్లు రుద్దడం, పసుపు మెత్తడం అయ్యాక, క్లిప్పులు బిగించకుండానే లక్ష్మన్న కూటికి లేచాడు. వెనకే రామక్క.

హనుమక్క తడిగుడ్డ పట్టుకుని వీధి దాటింది.

"ఏం చేస్తాండావే! పూజ చేసినదాన్ని ముట్టుకుంటే పాపం!" పెద్దక్క గుమ్మంలోంచి కేక వేసింది.

హనుమక్క బానెట్ కిందికి వంగింది. పసుపంతా తుడిచింది. కొంగుతో తడి ఒత్తింది. తర్వాత రామక్క అక్కడే వదిలిపోయిన పళ్లెంలోని కుంకుమ తీసి, బ్యాటరీ పెట్టె మీద ఒక పక్కగా నిండుగా బొట్టు పెట్టింది.

"కోపం చేసుకోవద్దు సామీ," అని లెంపలు వేసుకుని గబగబా వచ్చేసింది.

లక్ష్మన్న చేయి కడుక్కుని వచ్చి, పెట్టె మీది బొట్టుకు దండం పెట్టి, క్లిప్పులు బిగించాడు. రామక్క సీటెక్కి తాళం తిప్పింది.

వ్యాను ఒక్క ఊపుతో గర్జించింది. వీధంతా పొగ.

"అబ్బ! కరిగినాడమ్మా సామి!" లక్ష్మన్న గంతేశాడు. "దిగు దిగు, పొద్దు గూకేలోగా తాడిపత్రి పోయి వచ్చేస్తా."

రామక్క మెల్లగా దిగింది. ఆమె ముఖం మాడిపోయింది. వ్యాను మలుపు తిరిగినా అక్కడే నిలబడింది.

హనుమక్క లోపలికి పోయి, పెద్ద కుండలో సంగటికి ఎసరు పెట్టింది.

ట్రిప్పుకొక ఇల్లని పెద్దమనుషులు పెట్టిన వంతు ప్రకారం, తాడిపత్రి నుంచి తిరిగి వచ్చాక లక్ష్మన్న దిగాల్సింది మొదటి భార్య హనుమక్క ఇంట్లోనే.